సాక్సు తీసి మడమ చూడండి

అమెరికా నుంచో, బెంగళూరు నుంచో ఫోన్ వస్తుంది. "డాక్టర్ గారూ, నాన్నని ఫలానా హోమ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. ఎలా ఉంటుందంటారు?" ఫోటోలు అప్పటికే వాట్సాప్‌లో వచ్చి ఉంటాయి. లిఫ్టు, ఏసీ, గోడకి పెద్ద టీవీ, వెనకాల తోట, దేవుడి గది. హైదరాబాదు శివార్లలో ఇలాంటి హోమ్‌లు ఈమధ్య చాలా వచ్చాయి. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక, పిల్లలు ఊళ్ళో లేక, నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో కొందరు మంచానపడ్డాక అక్కడికే చేరుతున్నారు. వాళ్ళని చూడటానికి నేనూ వెళుతుంటాను.

ఆ ఫోటోల్లో కనిపించేవన్నీ పిల్లల కోసం పెట్టినవి. అమ్మనో నాన్ననో పరాయి చోట దింపి వచ్చామన్న బాధ ఒకటి, చుట్టాలు ఏమనుకుంటారోనన్న జంకు ఒకటి. రెండింటికీ పాలరాతి గచ్చు కాస్త ఊరట. మంచం దిగలేని మనిషికి తోటతో పనేముంది? వేళకి పక్కకి తిప్పే మనిషి ఉంటే చాలు. అందుకే నన్నడిగినవాళ్ళకి ఒకటే చెబుతాను. మీ నాన్నగారికి ఇస్తామన్న గది చూడకండి. ఆ హోమ్‌లో అందరికంటే నిస్సహాయంగా ఉన్న మనిషి ఎవరో కనుక్కుని, అనుమతి అడిగి, ఆ మనిషిని చూడండి. మాట రాదు, చెయ్యి లేవదు, చూడటానికి ఎవరూ రారు. అలాంటి వాళ్ళకి ఏం జరుగుతోందో అదే అక్కడి అసలు సేవ. ఆరు నెలలకో ఏడాదికో మీ నాన్నగారూ ఆ స్థితికి రావచ్చు.

ఒక రిటైర్డు హెడ్‌మాస్టారు ఉండేవారు. పక్షవాతంతో కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. నెలకి బాగానే వసూలు చేసే హోమ్ అది. జ్వరం తగ్గట్లేదని నన్ను పిలిచారు. మనిషిని చూస్తే ముచ్చటగా ఉన్నారు. గడ్డం గీసి, పౌడరు రాసి, ఉతికిన లాల్చీ తొడిగారు. కాళ్ళకి తెల్లటి సాక్సులు. నడివేసవిలో సాక్సులేమిటని తీయించాను. కుడి మడమ నల్లగా అట్టకట్టి ఉంది. పక్కకి తిప్పి చూస్తే నడుము కింద, ఎముక కనిపించేటంత లోతుగా పుండు. మాస్టారు నొప్పిగా ఉందని చెప్పలేరు. ఎడమచేత్తో పక్కదుప్పటి గట్టిగా పట్టుకున్నారంతే.

మంచానికి వేలాడదీసిన చార్టు మాత్రం నిండుగా ఉంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పామని గడిగడికీ టిక్కు. ఒకే పెన్ను, ఒకే వాలు. నేను వెళ్ళింది సాయంత్రం నాలుగింటికి. రాత్రి పదింటి గడిలోనూ టిక్కు పడి ఉంది!

పడక పుండు ఎలా పడుతుందో వైద్యంలో ఎప్పుడో తేలిన విషయమే. ఎముక ఎత్తుగా ఉన్నచోట, ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. మనమైతే నిద్రలో కూడా తెలియకుండానే ఒత్తిగిలుతుంటాం. కదలలేని మనిషికి ఆ పని ఇంకొకరు చేసిపెట్టాలి. తడిసిన డైపరు గంటలకొద్దీ అలాగే ఉంటే చర్మం నాని ఇంకా త్వరగా చెడుతుంది. ఎవరికి ఈ ప్రమాదం ఎక్కువో ముందే పసిగట్టడానికి డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు 1962లోనే ఒక కొలత తయారుచేశారు. ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు... ఈ ఐదింటికీ ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు. మొత్తం 20కి 14 లేదా అంతకన్నా తక్కువ వస్తే జాగ్రత్తపడాలి. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. అరవై ఏళ్ళు దాటినా మన హోమ్‌లలో చాలాచోట్ల ఆ కాగితం ఇంకా చేరలేదు.

టిక్కులు నిజమో కాదో తేల్చడానికి డాక్టరు అక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. ఒక మనిషిని పక్కకి తిప్పి, డైపరు చూసి, దిండు సర్ది, రెండు గుక్కల నీళ్ళు పట్టడానికి పది నిమిషాలనుకుందాం. మంచానపడ్డవాళ్ళు పన్నెండు మంది ఉంటే నూట ఇరవై నిమిషాలు. అంటే రాత్రి డ్యూటీ ఆయా ఒక్కతే ఉంటే, ఆవిడ కూర్చోకుండా, కునుకు తీయకుండా, బాత్రూమ్‌కి కూడా వెళ్ళకుండా తిరిగితే సరిగ్గా రెండు గంటలకి ఒక చుట్టు పూర్తవుతుంది. ఇరవై మంది ఉన్నచోట ఒక్క ఆయానే పెట్టారంటే ఆ చార్టులో ఏం రాసి ఉన్నా చదవక్కర్లేదు. తప్పు ఆయాది కూడా కాదు. పన్నెండు గంటల డ్యూటీ, ఏజెన్సీ కోత పోగా చేతికొచ్చే జీతం ఎంతో అడిగితే, ఆ మాత్రమైనా తిప్పుతున్నందుకు దండం పెట్టాలనిపిస్తుంది. అందుకే "పగలు ఎంతమంది స్టాఫ్?" అని అడగొద్దంటాను. రాత్రి రెండింటికి ఎంతమంది మెలకువగా ఉంటారో అడగాలి. ఆయాలు ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నారో అడగాలి. నెలకో కొత్త ముఖం కనిపించే చోట ఎవరికీ ఎవరి ఒంటి తీరూ తెలియదు.

న్యూజెర్సీలో ఉండే ఒకబ్బాయి అక్కడి హోమ్‌లకి నక్షత్రాలిచ్చే పద్ధతి గురించి చెప్పి, ఇక్కడా అలాంటిదేమైనా ఉందా అని అడిగాడు. లేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది దిక్కులేని వృద్ధులకి సరిపడే ఆశ్రమం గురించి చెప్పింది. డబ్బు కట్టి చేరే హోమ్‌లకి నక్షత్రాలిచ్చి, అందరికీ కనిపించేలా పెట్టే ఏర్పాటు మన దగ్గర లేదు. అమెరికాలో 1987 నాటి చట్టం, హోమ్‌లో ఉండేవాళ్ళని సిబ్బంది సౌకర్యం కోసం కట్టేయకూడదనీ మందులతో మత్తులో ఉంచకూడదనీ రాసిపెట్టింది. 2008 చివర్లో ఐదు నక్షత్రాల పద్ధతి వచ్చింది. తనిఖీలు, సిబ్బంది సంఖ్య, రోగుల పరిస్థితి చెప్పే కొలతలు, ఈ మూడూ కలిపి నక్షత్రాలిస్తారు. మొదట్లో సిబ్బంది లెక్క హోమ్‌లు చెప్పిందే వేదం. తర్వాత జీతాల చిట్టాల నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. అంటే రాత్రి పదింటి టిక్కు సాయంత్రం నాలుగింటికే పెట్టే జబ్బు వాళ్ళకీ ఉందన్నమాట!

కడుపున పుట్టినవాళ్ళు దూరం నుంచి చూసే కిటికీ వీడియో కాల్ ఒక్కటే. మనకి ఉదయం ఏడున్నర అయితే, వేసవి గడియారం నడిచేటప్పుడు న్యూజెర్సీలో ముందురోజు రాత్రి పది. ఆ వేళకే కాల్ వస్తుందని హోమ్ వాళ్ళకీ తెలుసు. స్నానం చేయించి, బొట్టు పెట్టి, జడవేసి కూర్చోబెడతారు. అదేమీ మోసం కాదు, మన ఇళ్ళలోనూ చుట్టాలొస్తున్నారంటే చేసేదే. కానీ రోజూ అదే అరగంట చూసి, మిగతా ఇరవై మూడున్నర గంటలూ అలాగే ఉన్నాయనుకోవడం పొరపాటు.

అలా వీడియోలో "ప్రశాంతంగా" కనిపించిన ఒకావిడని చూడటానికి వెళ్ళాను. మతిమరుపు జబ్బు. మొదట్లో రాత్రిళ్ళు లేచి తిరిగేదట, కేకలు వేసేదట. ఇప్పుడు చాలా మెరుగని మేనేజరు చెప్పాడు. మెరుగేమిటంటే, పదకొండింటికి నేను వెళ్ళేసరికి ఆవిడ కుర్చీలో తల వాల్చేసి ఉంది. చొంగ కారుతోంది. మందుల డబ్బా తెరిస్తే పిచ్చితనానికి వాడే మాత్ర ఒకటి, నిద్రమాత్ర ఒకటి. ఎవరు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపాలో రాసిన చీటీ లేదు. మతిమరుపు ఉన్న వృద్ధులకి ఇలాంటి మందులతో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అసలు వాడకూడదని కాదు. వేరే దారి లేనప్పుడు, తక్కువ మోతాదులో, కొద్ది రోజులకి, కారణం రాసి వాడాలి. పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే బిగుసుకుపోయి ఉంది. మలబద్ధకం, దాంతో మూత్రం సరిగా రాకపోవడం. రాత్రిళ్ళు లేచి తిరిగింది అందుకేనని నా అనుమానం. ఎనిమా ఇచ్చి, మాత్రలు నెమ్మదిగా తగ్గించాక వారంలో ఆవిడ ఆయాని తిట్టడం మొదలుపెట్టింది. మేనేజరుకి నచ్చలేదు. కూతురు మాత్రం ఫోన్లో ఏడ్చేసింది, అమ్మ గొంతు విని.

హోమ్‌కి వెళ్ళినప్పుడు మూత్రం సంచులు ఎన్ని వేలాడుతున్నాయో కూడా చూస్తాను. కొందరికి అవసరమే. సగం మంచాలకి కనిపిస్తే మాత్రం, పైపులు పెట్టింది రోగుల కోసం కాదు, డైపర్లు మార్చే శ్రమ తప్పించుకోవడానికి. పైపు ఉన్నన్నాళ్ళూ మూత్రంలో ఇన్ఫెక్షన్ కాచుకుని కూర్చుంటుంది.

ఇంకొకటి. "మా హోమ్‌లో ఇంతవరకూ ఎవరూ పడలేదండీ" అని గొప్పగా చెప్పేవాళ్ళుంటారు. నాకు అక్కడే అనుమానం. ఎనభై ఏళ్ళవాళ్ళు నడిచే చోట ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు పడతారు. ఎవరూ పడలేదంటే ఎవరినీ నడవనివ్వట్లేదు, లేదా పడ్డది రాయట్లేదు. ఒకచోట చక్రాల కుర్చీలో పెద్దాయన్ని పాత చున్నీతో నడుం దగ్గర కట్టి ఉంచారు. "పడిపోతారని సార్" అన్నారు. నెలలకొద్దీ అలా కూర్చోబెడితే కాళ్ళలో కండ కరిగి, విప్పిన రోజున నిజంగానే పడతారు. పడ్డ రోజు, వేళ, ఎక్కడ, ఎందుకు అని రాసుకుని, తర్వాత బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ బిగించిన చోటు నాకు నమ్మకం.

బరువు పుస్తకం ఉందా అని అడిగితే చాలామంది మేనేజర్లు వింతగా చూస్తారు. నెలలో ఒంటి బరువు నూటికి ఐదు వంతులు తగ్గిందంటే తేలిగ్గా తీసుకోకూడదు. అరవై కిలోల మనిషికి అది మూడు కిలోలు. నిలబడలేనివాళ్ళకి కుర్చీ తూకం, అదీ లేకపోతే దర్జీ టేపుతో పిక్క చుట్టుకొలత. తగ్గడానికి రోగాలే ఉండక్కర్లేదు. కట్టుడు పళ్ళు ఎక్కడో పోయి ఉండొచ్చు, అన్నం చల్లారాక పెడుతుండొచ్చు. గొంతు సరిగా దిగనివాళ్ళకి స్పూనుతో తినిపించాలంటే అరగంట పైనే పడుతుంది. ఐదు నిమిషాల్లో అయిపోయిందంటే కుక్కారని అర్థం. ఆ మెతుకులు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. మధ్యాహ్నం భోజనం వేళకి చెప్పకుండా వెళ్ళి, తినిపించేవాళ్ళు కూర్చుని ఉన్నారో నిలబడి ఉన్నారో చూడమంటాను.

నేను చూసిన మంచి హోమ్‌లలో ఒకటి అద్దె ఇల్లు. గోడలు పెచ్చులూడుతున్నాయి, ఫినాయిల్ వాసన, ఏసీ లేదు. బరువు పుస్తకం మాత్రం ఉంది. అక్కడి ఆయా ఒకరోజు ఉదయం నాకు ఫోన్ చేసింది. "సార్, అమ్మ ఇయ్యాల నిన్నటి లెక్క లేదు. జ్వరం లేదు, బీపీ బాగనే ఉంది. పప్పన్నం ముట్టలేదు, నన్ను చూసి నవ్వలేదు." వృద్ధుల్లో ఇన్ఫెక్షన్ చాలాసార్లు జ్వరంతో కాదు, ఇలాగే మొదలవుతుంది. మనిషి మందకొడి అవుతారు, అంతే. సాయంత్రానికి పరీక్షల్లో ఇన్ఫెక్షన్ బయటపడింది. ఆవిడ నిన్న ఎలా ఉందో తెలిసిన మనిషి అక్కడ ఉండబట్టి ఐసీయూ తప్పింది. ఆ తెలివికి నక్షత్రం ఎవరిస్తారు?

ఈమధ్య విజయవాడ నుంచి ఒకమ్మాయి వచ్చి, తండ్రి కోసం రెండు హోమ్‌లు చూసింది. మొదటిచోట రాత్రి డ్యూటీ ఆయాతో మాట్లాడతానంటే "రూల్సు ఒప్పుకోవు" అన్నారు. రెండోచోట తొమ్మిదింటికి రమ్మన్నారు. రెండోదాంట్లోనే చేర్పించింది. రెండో నెలలో ఆయన మడమ ఎర్రబడింది. అదే రోజు హోమ్ వాళ్ళు ఆ అమ్మాయికి ఫోటో పంపి, పిక్క కింద దిండు పెట్టి మడమ పరుపుకి తగలకుండా ఉంచామనీ, ఎయిర్ బెడ్ తెప్పిస్తున్నామనీ చెప్పారు. ఆమె భయపడి నాకు ఫోన్ చేసింది. "హోమ్ మార్చేయమంటారా అంకుల్?"

వద్దన్నాను.