బెంగుళూరులో పాత లేతు బేరం

బెంగుళూరు చూడవచ్చిన చుట్టాలకు మనం లాల్‌బాగు, విధానసౌధ, బసవనగుడిలోని పెద్ద నంది చూపించి రైలెక్కిస్తాము. యినుము కోసే పేటలను చూపించాలని యెవరికీ తోచదు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుండి వచ్చి యిక్కడ స్థిరపడిన మన కుటుంబాలలో యెన్నో ఆ యినుమును నమ్ముకొనే పిల్లలను చదివించుకున్నవి. అయినా ఆ పేటలు మనకు చూడదగిన చోట్ల పట్టికలో లేవు.

నేను వాటిని తీరికగా చూడగలిగినది మా బావగారి పుణ్యాన. ఆయన జాలహళ్ళి వైపు ఒక కర్మాగారంలో ముప్పయి రెండేళ్ళు టర్నరుగా పనిచేసి విరమించారు. యింటి వెనుక రేకుల షెడ్డులో పెట్టుకోవడానికి ఒక పాత లేతు కొనాలని సంకల్పించారు. మా అక్కయ్యకు యిది బొత్తిగా రుచించలేదు.

"మిద్దె కారుతున్నది. గ్రాట్యుటీ డబ్బుతో టన్ను యినుము తెస్తారట! నువ్వయినా చెప్పరా" అన్నది నాతో.

బావగారు మాత్రం, "అబ్బాయి డిప్లొమా ప్యాసయినాడు. కంప్యూటరు మీద బొమ్మ గీస్తాడు గాని చక్కులో ముక్క బిగించడం రాదు. వాడికి నేర్పడానికి నా చేతులకింకా యెన్నేళ్ళు బలముంటుంది?" అన్నారు. యిద్దరి మాటలోనూ న్యాయం వున్నది. నేను నోరు మెదపక వెంట నడిచాను.

లేతును యంత్రాలకు తల్లి అంటారు. మన భాషలో దీనికి తరిమెన అని చక్కని పాత మాట వున్నది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి, లక్క రంగులు పట్టించి బొమ్మలు చేసేది తరిమెన పనే. బెంగుళూరుకు అరవై కిలోమీటర్ల దూరాన వున్న చెన్నపట్నంలోనూ అదే జాతి కర్ర, అదే లక్క. కర్ర పనిలో ఉలి మనిషి చేతిలో వుంటుంది. యినుప పనిలో కత్తిని యంత్రమే పట్టుకొని, మరచుట్టు చొప్పున కొలిచినట్టు నడుపుతుంది. 1800 ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్‌స్లే అనే పనివాడు యీ పద్ధతిని కుదుటపరచాడు. కనుక ఒక లేతు వున్నవాడు మరొక లేతుకు కావలసిన భాగాలెన్నో దానిమీదనే చేసుకోగలడు.

మొదట సిటీ మార్కెట్టు పక్కనున్న సిల్వర్ జూబిలీ పార్కు రోడ్డుకు వెళ్ళాము. మోటార్లు, పంపులు, బేరింగులు, మరలు, కొలత పనిముట్లు - దుకాణం మీద దుకాణం. కత్తులు, డ్రిల్లు బిట్లు యిక్కడ దొరుకుతవి గాని, బావగారు కోరిన లేతు దొరకలేదు. "పీణ్యా పొండి సార్" అన్నాడొక దుకాణదారు.

మార్కెట్టు స్టేషనులో మెట్రో యెక్కితే బండి మారనక్కరలేదు. మెజెస్టిక్కు, రాజాజినగరం, యశ్వంతపురం దాటి పీణ్యాలో దింపుతుంది. దారిలో బావగారు చరిత్ర చెప్పుకొచ్చారు. 1941లో హరిహర్‌లో మైసూరు కిర్లోస్కరు వారు లేతులు చేయడం మొదలుపెట్టారు. 1953లో జాలహళ్ళిలో హిందుస్థాన్ మెషీన్ టూల్సు వెలిసింది. స్విట్జర్లాండులోని ఓర్లికాన్ వారి సాయంతో అక్కడ లేతులు తయారయినవి. మన యిళ్ళలో తాతల మణికట్లకు వుండే ఎచ్.ఎం.టి. వాచీలు 1961 తరువాత వచ్చిన సంగతి. ముందు పుట్టినవి లేతులే. హరిహర్ కర్మాగారం మూతపడి యేండ్లయినది. వాచీల సంస్థను మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. కాని ఆనాటి లేతులు చాలా షెడ్లలో యింకా తిరుగుతూనే వున్నవి.

పీణ్యాలో రెండు లేతులు చూశాము. మొదటిది కొత్త పెండ్లికొడుకులా ఆకుపచ్చ రంగుతో మెరుస్తున్నది. బావగారు రంగు వైపు చూడలేదు. కత్తిని మోసే క్యారేజిని చక్కు దగ్గరకు తెచ్చి, దాని పట్టు కొంచెం బిగించి, చివరిదాకా తోశారు. చక్కు దగ్గర వదులుగా నడిచినది కాస్తా అవతలి కొసకు వెళ్ళేసరికి బిగుసుకుపోయింది. "బెడ్డు యిక్కడ అరిగింది. పనంతా చక్కు దగ్గరే జరుగుతుంది కదా, అరుగుదలా అక్కడే. రంగు వేసి దాచినా చేయి పసిగడుతుంది" అన్నారు. నమస్కారం పెట్టి బయటకు వచ్చాము.

రెండవది హరిహర్ లేతు. షెడ్డు యజమాని కంప్యూటరు యంత్రం కొనుక్కొని దీనిని మూలకు నెట్టాడు. జిడ్డు, దుమ్ము, వెలిసిన రంగు. క్యారేజి యీ కొస నుండి ఆ కొసకు ఒకే పట్టున నడిచింది. స్పిండిలుకు డయలు గేజి ఆనించి, కడ్డీతో యెత్తి చూస్తే ముల్లు కదిలీ కదలనట్లుంది. అన్ని వేగాలలోనూ పావుగంట తిప్పించి, హెడ్డుస్టాకు మీద అరచేయి వేసి వేడి చూశారు. చివరకు ఒక కడ్డీని చక్కులో మాత్రమే బిగించి, పలుచగా కోత పెట్టి, రెండు కొసలూ మైక్రోమీటరుతో కొలిచారు. తేడా మిల్లీమీటరులో నూరోవంతుకు మించలేదు. మర కోయడానికి మార్చుకునే గేర్లలో రెండు మాత్రం లేవు. వాటి పేరు చెప్పి ధర తగ్గించమన్నారు.

"గుజిరీ అతను తూకానికి అడిగి వెళ్ళాడు సార్, రేపు వస్తానన్నాడు" అన్నాడు యజమాని. బావగారి ముఖం మారిపోయింది. తూకం ధర మీద యెంతో కొంత కలిపి, అక్కడికక్కడే బయానా యిచ్చారు. ఆలస్యమయితే అది కొలిమికి పోయేది.

చిక్కులు అక్కడితో తీరలేదు. లేతు మోటారు మూడు ఫేజులది, యింటి కరెంటు ఒక ఫేజుది. చిన్న మోటారు కనుక దాని కనెక్షను మార్పించి, నడుమ ఒక డ్రైవు పెట్టించారు. గొట్టాల మీద దొర్లించి లోపలికి చేర్చడానికి ఒక పూట పట్టింది. నీటిమట్టం పెట్టి, కాళ్ళ కింద రేకులు సర్ది, బెడ్డు మెలిపడకుండా బిగించడానికి రెండు రోజులు.

మిద్దె మరమ్మతు వచ్చే వేసవికి వాయిదా పడింది; మా అక్కయ్య ఆ సంగతి మరిచిపోలేదు. అయితే ఆ లేతు మీద అబ్బాయి చేసిన మొదటి వస్తువు ఆమె గ్రైండరుకు యిత్తడి బుష్షు. నాలుగు ముక్కలు పాడుచేసి అయిదవది సరిగా తెచ్చాడు. బావగారు పక్కన నిలబడి, చేయి వేయకుండా చూశారు. గ్రైండరు చప్పుడు తగ్గింది.

యిటువంటి యంత్రం కొనదలచిన మనవారికి ఒక్క మాట. మీ వీధిలోనూ విరమించిన టర్నరు ఒకరు వుండే వుంటారు. ముందుగా ఆయనకు కాఫీ యిచ్చి, వెంటబెట్టుకొని పీణ్యా వెళ్ళండి.