ముప్పయ్యేళ్ళకి ఒక్క గంట!

ముప్పై నిండిన రోజున మీరైతే ఏం చేస్తారు? మిత్రులు పార్టీ అన్నారు. నేను శ్రీలంక వెళ్ళి శ్రీపాద కొండెక్కాను!

ఎత్తు 2,243 మీటర్లు. శిఖరం మీది పాదముద్ర బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లిములకు ఆదాముది. పాదం ఎవరిదైనా మెట్లు మాత్రం అందరికీ అవే. అయిదు వేల పైచిలుకే!

డిసెంబరు పున్నమి నుంచి వైశాఖ పున్నమి దాకా యాత్రాకాలం. దారి పొడవునా దీపాలు, టీకొట్లు. మన సెకండ్ షో వదిలేవేళకి బయల్దేరాను. సగం దారిలో మోకాళ్ళు మొరాయించాయి. నెలజీతం, సొంతిల్లు, పెళ్ళి... నాకింకా లేనివన్నీ మెట్టుకొకటిగా గుర్తొచ్చాయి. ఇంతలో ఓ ముసలమ్మ చెప్పుల్లేకుండా, నవ్వుతూ నన్ను దాటిపోయింది.

పైన గంట వుంది. కొండ ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు కొట్టడం అక్కడి ఆచారం. ముసలమ్మ పదకొండుసార్లు కొట్టింది. నేను ఒక్కసారే. వయసెంత, జీతమెంత అని ఆ గంట అడగదు. ఎక్కావా లేదా, అంతే!

తెల్లారింది. కొండ నీడ త్రికోణంలా మబ్బుల మీద పరుచుకుంది. చలీ, నొప్పులూ మరిచిపోయి అలా నిలబడిపోయాను.

దిగొచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"వచ్చే ఏడు రెండు గంటలు కొడతానమ్మా!"

"కోడలిచేత కూడా ఒకటి కొట్టించు నాయనా!" అంది.