బిందు దర్శనం

చూడడం వేరు, దర్శించడం వేరు. కన్ను వేయి వస్తువులపై వాలుతుంది. చిత్తం ఒక్కదానిపై నిలిచినప్పుడే దాని అంతరార్థం గోచరిస్తుంది. ఆధునిక భారతీయ చిత్రకళలో ఈ సత్యానికి నిదర్శనంగా నిలిచిన మహనీయుడు సయ్యద్ హైదర్ రజా.

ఆయన 1922లో, నేటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా బబరియా గ్రామంలో జన్మించారు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి కావడంతో బాల్యమంతా అడవుల చెంతనే గడిచింది. చదువుపై మనస్సు నిలవని ఆ బాలునికి ఉపాధ్యాయుడొకరు బడిగోడపై ఒక చుక్క పెట్టి, దానినే చూస్తూ కూర్చోమన్నారు. నాటి ఆ చుక్క విలువ గ్రహించడానికి ఆయనకు దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

నాగపూర్‌లోను, ముంబైలోను చిత్రకళ అభ్యసించిన రజా 1947లో సూజా, ఆరా, హుసేన్ మొదలైనవారితో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌కు ప్రాణం పోశారు. 1950లో ఫ్రాన్సు చేరారు. 1956లో పారిస్ విమర్శకుల పురస్కారం ఆయనను వరించింది. ఫ్రెంచివాడు కాని చిత్రకారునికి ఆ గౌరవం లభించడం అదే ప్రథమం.

కీర్తి వచ్చింది, కాని తృప్తి రాలేదు. 1970 దశకంలో తన చిత్రాలను తానే ప్రశ్నించుకున్నారు. వాటిలో నేర్పు ఉంది. తన మూలం మాత్రం కానరాలేదు. అజంతా, ఎల్లోరా, కాశీ, రాజస్థాన్‌లను సందర్శించారు. ఆ అన్వేషణలో బడిగోడ మీది చుక్క మళ్లీ ఆయన కంటికెదురుగా నిలిచింది. 1980 ప్రాంతం నుంచి బిందువే ఆయన చిత్రాలకు కేంద్రమైంది.

రజా దృష్టిలో బిందువు కేవలం ఆకారం కాదు, సృష్టికి బీజం. నలుపు శూన్యం కాదు, సకల వర్ణాలకు జనని. దాని చుట్టూ అమరిన వృత్తాలు, త్రికోణాలు, చతురస్రాలు పంచభూతాలకు, స్త్రీపురుష తత్త్వాలకు సంకేతాలు. అందుకే ఆయన చిత్రం ముందు నిలిచినవారు ఇది దేని బొమ్మ అని అడిగితే సమాధానం దొరకదు. రాగాన్ని విన్నట్లు ఆ రంగులను అనుభవించాలి.

ఒకే రూపాన్ని పదేపదే చిత్రిస్తున్నారని విమర్శించినవారూ ఉన్నారు. ఆయన దానిని జపంతో పోల్చారు. జపించేవాడు పలికే నామం ఒక్కటే. అయినా ప్రతి ఆవృత్తిలోను ఏకాగ్రత గాఢమవుతుంది. కొత్తదనం వస్తువును మార్చడంలోనే లేదు, చూపును లోతు చేసుకోవడంలోనూ ఉందని ఆయన సాధన చాటుతుంది.

అరవై ఏళ్ల ప్రవాసం ముగించి, 2010 చివర ఆయన ఢిల్లీకి తిరిగి వచ్చారు. 2013లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్నారు. 2016 జూలై 23న కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు మండ్లాలో తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు.

చంచలుడైన బాలుని నిలపడానికి గీసిన చిన్న చుక్క ఒక మహాకళాకారునికి గమ్యమైంది. ప్రతిభ అందరికీ ఒకే పాళ్లలో లభించకపోవచ్చు. కాని ఒకదానిపై చూపు నిలిపే ఓర్పును ఎవరైనా అలవరచుకోవచ్చు. సృజనకు తొలి మెట్టు అదే.