పొగ మాటున పొరుగు

ఒక ఊళ్ళో కాలు పెట్టకముందే ఆ ఊరిని తెరమీద చూసి ఉండటం మన కాలపువారికి మామూలే. న్యూయార్కు, షికాగోవంటి మహానగరాల సంగతి వేరు. వాటిని ఎందరో ఎన్నో విధాలుగా చూపించారు కనుక ఒకరి అతిశయోక్తిని మరొకరు సరిదిద్దుతారు. మధ్యతరహా నగరాలకు ఆ అదృష్టం లేదు. ఎవరో వచ్చి ఒక ముఖం తగిలించి పోతారు. ఊరు మారినా ఆ ముఖం మారదు. నేను కొన్నేళ్ళు నివసించిన పిట్స్‌బర్గ్ ఇందుకు చక్కని ఉదాహరణ.

ఆలెఘేనీ, మొనోంగహేలా నదులు రెండూ కలిసి ఒహాయో నదిగా మారేచోట వెలసిన నగరమిది. 1868లో జేమ్స్ పార్టన్ అనే రచయిత కొండమీదనుంచి ఈ ఊరి కొలిముల వెలుగును చూసి, మూత తీసిన నరకంతో పోల్చాడు. ఆ పోలిక ఊరికి అతుక్కుపోయింది. నూరేళ్ళు దాటాక హాలీవుడ్ వచ్చినప్పుడూ వెతుక్కున్నది ఆ పొగనూ, మసినీ, నిప్పురవ్వలనే.

1978లో వచ్చిన 'ద డీర్ హంటర్' సంగతే చూడండి. క్లెయిర్టన్ అనే ఉక్కు పట్టణంనుంచి వియత్నాం యుద్ధానికి వెళ్ళిన మిత్రుల కథ అది. ఉత్తమ చిత్రంతో సహా అయిదు ఆస్కార్లు గెలుచుకుంది. క్లెయిర్టన్ పిట్స్‌బర్గ్‌కు దక్షిణాన, మొనోంగహేలా ఒడ్డున నిజంగానే ఉంది. కాని సినిమాలో పెళ్ళి జరిగే ఆ అందమైన చర్చి ఉన్నది పక్క రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్‌లో. కథకు కావలసింది ఆ ఊరు కాదు, ఉక్కు పట్టణమనే భావన. అది ఎక్కడినుంచి తెచ్చుకున్నా ఒకటే!

అయిదేళ్ళ తరువాత, 1983లో, 'ఫ్లాష్‌డాన్స్' వచ్చింది. పగలు వెల్డింగు పనీ, రాత్రి నాట్యమూ చేసే పద్దెనిమిదేళ్ళ యువతి కథ. లోకమంతా ఆ పాటకు చిందులేసింది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే నదీలోయ పొడుగునా ఉక్కు మిల్లులు ఒకటొకటిగా మూతబడుతున్నాయి. పేరుమోసిన హోంస్టెడ్ కర్మాగారం 1986లో ఆగిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడొక అంగళ్ళ సముదాయముంది. దాని పక్కన పన్నెండు పొగగొట్టాలను మాత్రం జ్ఞాపకార్థం వరుసగా నిలబెట్టి ఉంచారు. 1950లో 6,76,806 మంది ఉన్న నగరంలో 2020 జనగణన నాటికి మిగిలినవారు 3,02,971.

మా పక్కింటి పెద్దాయన ఆ మిల్లులలో ఒకదానిలో పనిచేసినవాడు. ఒకనాడు మాటల సందర్భంలో ఆ సినిమా ప్రస్తావన తెస్తే నవ్వేశాడు. అది విడుదలైన రోజుల్లో తాను నిరుద్యోగ భృతి కోసం వరుసలో నిలబడి ఉన్నానని చెప్పాడు. ఆ మాటలో కోపం లేదు. తన బతుకు ఆరిపోతున్నవేళ దాని రవ్వలు ఇంకొకరికి అలంకారమయ్యాయన్న ఎరుక మాత్రం ఉంది.

రాష్ట్రం ఇచ్చే పన్ను రాయితీల పుణ్యమా అని ఈ శతాబ్దంలో చిత్రీకరణలు పెరిగాయి. కాని ఊరు ఊరిగా కనిపించడం పెరగలేదు. 2012లో వచ్చిన 'ద డార్క్ నైట్ రైజెస్'లో, అప్పట్లో హైంజ్ ఫీల్డ్ అని పిలిచే ఇక్కడి స్టేడియం గాథమ్ నగరపు స్టేడియంగా మారి, నేలమాళిగలోకి కుంగిపోయింది. పరుగెత్తిన ఆటగాడు పిట్స్‌బర్గ్ వాడే, వేసుకున్న నలుపూ పసుపూ ఇక్కడి రంగులే. పేరే వేరొకరిది.

ఇదంతా బయటివారి చూపు. ఈ ఊళ్ళోనే ఉండి, ఈ ఊరి సరంజామాతో పనిచేసినవారి సృష్టిని వరుసగా చూస్తే నాకు చిత్రమైన సంగతి ఒకటి తోచింది. వాటిలో ఉక్కు దాదాపు లేదు. ఉన్నదల్లా పొరుగు.

1968వ సంవత్సరాన్ని తీసుకోండి. ఆ ఫిబ్రవరిలో 'మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్' అనే పిల్లల కార్యక్రమం ఇక్కడి డబ్ల్యూక్యూఈడీ కేంద్రంనుంచి దేశమంతటా ప్రసారం కాసాగింది. స్వెట్టరు తొడుక్కుని, బూట్లు మార్చుకుని, తొందరలేని గొంతుతో పిల్లలను తన పొరుగువారు కమ్మని పిలిచే ఫ్రెడ్ రోజర్స్ 2001 వరకు ఆ పిలుపు మానలేదు. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. నల్లజాతివారి పేట అయిన హిల్ డిస్ట్రిక్ట్ రోజులతరబడి తగలబడింది. అక్టోబరులో జార్జ్ రొమేరో అనే యువకుడు, లక్షా పధ్నాలుగువేల డాలర్ల చిల్లర పెట్టుబడితో, ఊరికి ఉత్తరాన ఉన్న పల్లెల్లో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' ఇక్కడి థియేటరులోనే తొలిసారి విడుదలయింది.

పైకి చూస్తే పిల్లల కార్యక్రమానికీ ప్రేతాల సినిమాకూ ఏమిటి సంబంధం? రొమేరో తొలినాళ్ళలో రోజర్స్ కార్యక్రమానికే చిన్న చిన్న చిత్రాలు తీసిపెట్టాడు. రోజర్స్‌గారి టాన్సిల్స్ ఆపరేషన్ మీద తీసినది వాటిలో ఒకటి. తాను తీసిన వాటన్నిటిలో భయానకమైనది అదేనని తరువాత చమత్కరించేవాడట! కాని అసలు సంబంధం అంతకంటే లోతైనది. రొమేరో సినిమాలో ఏడుగురు మనుషులు ఒక ఇంట్లో చిక్కుకుంటారు. నేలమాళిగలో దాక్కోవాలా, పైన ఉండి పోరాడాలా అని కొట్టుకుంటారు. వాళ్ళను ముంచింది బయటి ప్రేతాలకంటే లోపలి కలహమే. రాత్రంతా పోరాడి ప్రాణాలతో మిగిలిన ఒక్క నల్లవాణ్ణి తెల్లవారాక, కాపాడటానికి వచ్చిన దండే ప్రేతమనుకుని కాల్చి పారేస్తుంది. పొరుగువాణ్ణి మనిషిగా గుర్తించలేని చూపు ఎంతటి ఘోరానికి ఒడిగడుతుందో ఇంతకంటే ఎవరు చెప్పగలరు?

మరుసటి ఏడు, 1969లో, రోజర్స్ తన కార్యక్రమంలో పోలీసు వేషం వేసే నల్లజాతి గాయకుడు ఫ్రాంస్వా క్లెమన్స్‌ను పిలిచి, ఒకే నీళ్ళ తొట్టిలో ఇద్దరూ పాదాలు పెట్టుకుని కూర్చునేలా చేశాడు. ఈత కొలనుల్లోకి నల్లవారిని రానివ్వమని గొడవలు పడిన దేశంలో, పిల్లల కోసం చూపిన దృశ్యమది. ఉపన్యాసం లేదు. ఒక ప్రశ్నకు ఒకడు భయంతోనూ, ఇంకొకడు ప్రేమతోనూ జవాబు చెప్పారంతే.

ఆ 1968లోనే హిల్ డిస్ట్రిక్ట్‌లో ఇరవైమూడేళ్ళ ఆగస్ట్ విల్సన్ మిత్రులతో కలిసి ఒక నాటక సమాజం మొదలుపెట్టాడు. బడి మధ్యలో మానేసి, గ్రంథాలయంలో తనంతట తాను చదువుకున్నవాడు. అతని బాల్యంలోనే నగరపాలకులు ఆ పేట దిగువ భాగాన్ని నేలమట్టం చేసి, సుమారు ఎనిమిదివేలమందిని వెళ్ళగొట్టి, 1961లో అక్కడొక మహా క్రీడాశాలను తెరిచారు. 1978లో విల్సన్ ఊరు విడిచి మిన్నెసోటా వెళ్ళిపోయాడు. విడిచిపోయాకనే ఆ పేట మాటతీరు అతని చెవుల్లో మోగసాగింది. ఇరవయ్యో శతాబ్దపు ఒక్కో దశాబ్దానికి ఒక్కో నాటకం చొప్పున పది రాశాడు. వాటిలో తొమ్మిది హిల్ డిస్ట్రిక్ట్‌లోనే జరుగుతాయి. రెండింటికి పులిట్జర్ బహుమతులు వచ్చాయి. 'టూ ట్రెయిన్స్ రన్నింగ్'లో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక చిన్న హోటలు యజమాని, తాను అడిగిన ధర ఇస్తేగాని కదలనని భీష్మించుకుని కూర్చుంటాడు. 'జిట్నీ'లో టాక్సీలు రాని పేటకు సొంత కార్లు నడిపే డ్రైవర్ల అడ్డాకు తలుపులు మూసే రోజు దగ్గరపడుతుంది. ఊరు విడిచి వచ్చిన మనకు ఈ విద్య కొత్త కాదు. పోయిన పేటను అక్షరాలలో కట్టుకోవడం మనమూ చేస్తున్నదే. కాని నాటకం ఎంత గొప్పదైనా, వెళ్ళగొట్టబడినవారికి ఇల్లు తెచ్చిపెట్టలేదన్న సంగతీ మరువరాదు.

అన్నట్టు, అమెరికా తెలుగువారికి పిట్స్‌బర్గ్ అంటే వేంకటేశ్వరస్వామి కోవెల. 1970లలో పెన్ హిల్స్ కొండవాలున వెలసిన ఆ గుడికి కొద్దిమైళ్ళ దూరంలోనే మన్రోవిల్ అంగళ్ళ భవనం ఉంది. రొమేరో 1978 నాటి 'డాన్ ఆఫ్ ద డెడ్' చిత్రాన్ని రాత్రివేళ దుకాణాలు మూశాక తీసింది అందులోనే. ఆ కథలో చచ్చినవారు కూడా పాత అలవాటుకొద్దీ అంగళ్ళకే వస్తారు! మా పెద్దాయన ఆ గోపురాన్ని ఏళ్ళతరబడి దారిలో చూస్తూ వచ్చాడు కాని లోపల ఏముంటుందో తెలియదన్నాడు. ఒక శనివారం తీసుకువెళ్ళాను. బూట్లు విప్పి, పులిహోర తిని, తన తాత స్లొవేకియానుంచి వచ్చినప్పుడు కట్టుకున్న చర్చి సంగతులు చెప్పాడు. తరువాతి వారం నేను అది చూడబోయాను. ఏ సినిమాలోనూ లేని పిట్స్‌బర్గ్ నాకు దొరికింది అక్కడే.

ఆ క్రీడాశాలను 2012 నాటికి కూల్చేశారు. ఎనిమిదివేలమందిని కదిలించిన కట్టడం యాభయ్యేళ్ళు పైబడి నిలిచిందంతే. అక్కడినుంచి ఎగువకు నడిస్తే బెడ్‌ఫర్డ్ అవెన్యూలో విల్సన్ పుట్టిపెరిగిన ఇటుకల ఇల్లు ఉంది. బాగుచేసి 2022లో కళాకారుల కోసం తెరిచారు.

మీరున్న ఊళ్ళకు సినిమాలు ఏ ముఖం తగిలించాయి? దాని వెనుక మీకు కనబడిన పొరుగు ఎటువంటిది? తెలిసినవారు రాస్తే చదవాలని ఉంది.