జామర్ బిగించమన్నాడు బామ్మర్ది

కర్నూలు–కడప రోడ్డు మీద కారు నడిపేవాళ్లందరికీ ఒక సైగ తెలుసు. ఎదురుగా వచ్చే లారీ పట్టపగలు రెండుసార్లు లైట్లు కొట్టిందంటే, ముందర ఏదో చెట్టు కింద పోలీసులు స్పీడ్ గన్ పెట్టుకొని ఉన్నారని అర్థం. చూసినవాడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాడు. గన్ దాటాక మళ్లీ తొక్కుతాడు. పైసా ఖర్చు లేని జామర్ అది.

ఇప్పుడు దానికి ఎలక్ట్రానిక్ తమ్ముడొకడు వచ్చాడు, లేజర్ జామర్. నాకు కర్నూల్లో చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. హారన్లు, ఫాగ్ ల్యాంపులు, రివర్స్ కెమెరాలు బిగిస్తుంటా. పోయిన ఎండాకాలం మా బామ్మర్ది కడప నుంచి తన చిన్న కారేసుకొని వచ్చి, డిక్కీలోంచి ఒక డబ్బా తీశాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి రెండు నల్ల ముక్కలు, ఒక కంట్రోల్ బాక్సు, వైరు చుట్ట. డబ్బా మీద మాత్రం ‘పార్కింగ్ సెన్సర్’ అని ఉంది.

"బావా, దీన్ని బంపర్‌కు బిగించు. ఇంక నాకు చలానా రాదు" అన్నాడు.

వాడి కోపం నాకు తెలుసు. ఉద్యోగం కోసం వారానికి రెండుసార్లు మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా తిరుగుతాడు. రెండు నెలల్లో మూడు చలానాలు. "నాలుగు లైన్ల రోడ్డేసి, టోలు తీసుకొని, మళ్లా డౌన్ దిగే కాడ గన్ను పెట్టుకొని కూచుంటే ఎట్ల బావా?" అంటాడు. నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి 100. బోర్డు మీద అంతకన్నా తక్కువుంటే అదే లెక్క. ఆ బోర్డు చింతకొమ్మల చాటున ఉంటే వాడి కోపంలో న్యాయం ఉన్నట్టే. 2021లో మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఎ ప్రకారం, ఎలక్ట్రానిక్ నిఘా ఉన్న చోట ముందే కనబడేలా హెచ్చరిక బోర్డు ఉండాలి. నోటీసు 15 రోజుల్లోపు రావాలి. లేదంటే ఫొటోలు పెట్టి అభ్యంతరం చెప్పుకోవచ్చు. దానికి మావాడికి ఓపిక లేదు. జామర్ ఆర్డర్ చేయడానికి మాత్రం ఉంది.

అసలా డబ్బా ఏం చేస్తుంది? లేజర్ గన్ కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును సెకనుకు వందలసార్లు చిన్న చిన్న మెరుపులుగా వదుల్తుంది. కాంతి ఒక్క మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది. మెరుపు కారుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన టైముతో దూరం తెలుస్తుంది. ఆ దూరం ఎంత తొందరగా తగ్గుతోందో లెక్కేస్తే స్పీడు తెలిసిపోతుంది. ఇదంతా అర సెకను కూడా పట్టదు. గురి ఎక్కువగా నంబర్ ప్లేటు మీదే. ఎందుకంటే హై సెక్యూరిటీ ప్లేటు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. జామర్ ఆ మెరుపు తగలగానే అదే రకం మెరుపుల్ని తిరిగి గన్ మీదకు కొడుతుంది. తనదేదో, దొంగదేదో తెలియక గన్ అంకె చూపించదు. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు ఉంటుంది దాని పరిస్థితి.

చదవడానికి బాగుంది. బంపర్ ముందు గొంతుక్కూచుంటే వేరే కథ. చిన్న కారు బంపర్ అంతా పల్చటి ప్లాస్టిక్. రెండు ముక్కలూ ప్లేటుకు అటొకటి ఇటొకటి, రసమట్టం పెట్టినట్టు సమంగా, నేరుగా ముందుకు చూడాలి. కొంచెం వంగినా పని తగ్గిపోతుంది. మా ఊళ్లలో ఒక్క స్పీడ్ బ్రేకర్ బంపర్ అడుగున రాసుకుంటే చాలు, ఆ కొలత పోయినట్టే. వెనక రేడియేటర్ వేడి, ముందు మే నెల ఎండ, పైన ఎర్రదుమ్ము. ఆ కన్ను మీద దుమ్ము పొర కడితే గుడ్డిదే. ఫ్లైఓవర్ మీద నుంచి కిందికి గురిపెడితే దాని చూపు సరిగా అందదు. రాడార్‌తో పనిచేసే కెమెరాకైతే దీంతో సంబంధమే లేదు. అది రేడియో తరంగం, ఇది వెలుగు.

ఇవన్నీ ఎట్లో సర్దుకోవచ్చు. నన్ను ఆపింది డబ్బాలోని కాగితంలో ఉన్న ఒక సూచన. అలారం మోగగానే స్పీడు తగ్గించుకొని, కొన్ని సెకన్లలోనే జామర్ ఆపేయమని ఉంది. ఎంతసేపటికీ అంకె రాకపోతే పోలీసుకు అనుమానం వస్తుంది కదా. కొన్ని గన్‌లు జామింగ్ జరుగుతోందని తెర మీదే చూపిస్తాయి. అంటే వేలు పోసి వాడు కొన్నది మూడు నాలుగు సెకన్లు. ఆ సెకన్లలో చేయాల్సిన పని, 130లో పోతున్న కారుకు ఉన్నట్టుండి బ్రేకు కొట్టడం. వెనక నాపరాళ్ల లోడుతో లారీ వస్తుంటే?

బిల్లు పుస్తకం వెనక లెక్కేసి చూపించా. 100లో పోతే సెకనుకు దాదాపు 28 మీటర్లు. అడ్డం కనబడి కాలు బ్రేకు మీదకు పోవడానికి సెకనున్నర అనుకున్నా 42 మీటర్లు అక్కడే అయిపోయాయి. టైర్లు బాగుండి, రోడ్డు పొడిగా ఉంటే ఆగడానికి ఇంకో 55. మొత్తం 100 మీటర్లకు కాస్త అటూఇటూ. అదే 130లో అయితే 150 దగ్గరికి పోతుంది. ఆ 50 మీటర్లలో ఒక గొర్రెల మంద రోడ్డు దాటుతుంది. మరి మిగిలేదెంత? 200 కిలోమీటర్లకు కాగితం మీద 28 నిమిషాలు. టోల్ గేట్లు, ఊళ్లు తీసేస్తే పది మిగిలితే గొప్ప.

2019 మేలో వెల్దుర్తి దగ్గర ఒక బస్సు బైకును తప్పించబోయి తుఫాన్ వాహనాన్ని ఢీకొట్టింది. 2021 ఫిబ్రవరిలో అదే మండలంలో టెంపో ట్రావెలర్, లారీ ఢీకొని 14 మంది పోయారు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న బైకును ఢీకొట్టిన బస్సు మంటల్లో కాలిపోయింది. ఇవన్నీ కార్ల స్పీడు వల్లే జరిగాయని నేను అనడం లేదు. ఈ దార్లలో ముందర ఏముంటుందో ఎవరికీ తెలియదు. లైటు లేని ట్రాక్టరు, రాంగ్ రూట్లో వచ్చే బైకు, డివైడర్ మీద గడ్డి మేసే ఎనుము. వాటి మీద జామర్ పనిచేయదు.

చట్టం సంగతీ చెప్పా. స్పీడుకు కారు మీద పడేది 1,000 నుంచి 2,000 రూపాయలు. బండికి అనుమతి లేని మార్పు చేయిస్తే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. బ్రిటన్‌లో జామర్ పెట్టుకున్నవాళ్లు న్యాయాన్ని పక్కదారి పట్టించారన్న నేరం కింద జైలుకు పోయారు. అక్కడా పార్కింగ్ సెన్సరే అన్నారు.

వాడు మొహం మాడ్చుకున్నాడు. "నువ్వు కాకుంటే ఇంకోడు బిగిస్తాడులే బావా."

"బిగిస్తాడు. అంతలోపల ఆ ముందు టైరు పక్కన చివర నాలుగంకెలుంటాయి, చదువు. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం."

ఫోన్ లైటు వేసుకొని వంగాడు. 2317. అటుపక్కది కూడా 2317. వెనకవి చూడకుండానే లేచి, "కొత్తవి ఎంతవుతాయి బావా?" అన్నాడు.