తొమ్మిది నిమిషాలు

మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో ఒక గిలకబావి ఉండేది. దాని గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టాను, గోవాలోని అంజునాలో మేం అద్దెకు తీసుకున్న ఇంటి అరుగు మీద, తెల్లవారుజామున మూడింటికి. "ఆ బావిలో ఒకసారి..." అన్నాను. అంతే, తర్వాతి మాట లేదు. అసలు బావి గురించి మాట్లాడుతున్నానన్న సంగతే చేజారిపోయింది. ఎదురుగా మావాడు తల ఊపుతూ వింటున్నాడు.

శనివారం అర్ధరాత్రి ఎక్స్‌టసీ బిళ్ల వేసుకున్నాం. అది ఎక్కాక లోకమంతా చుట్టాలే. ఆఫీసులో రెండేళ్లుగా పక్క సీట్లో ఉన్నా ముక్తసరిగా మాట్లాడే మావాణ్ని కావలించుకుని, నువ్వు నా సొంత తమ్ముడివిరా అన్నాను. ఎక్స్‌టసీలో ఉండే ఎండీఎంఏని 1970ల్లో అమెరికాలో కొందరు మానసిక వైద్యులు, పేషెంట్లు మనసు విప్పి మాట్లాడతారని వాడారట. ఆశ్చర్యమేముంది! (ఆ బిళ్లలో నిజంగా ఉన్నది అదేనో కాదో, అది వేరే సంగతి. అమ్మినవాడికైనా తెలుసో లేదో.)

మూడింటికి దిగుతున్నట్టనిపించింది. దవడలు బిగుసుకుపోతున్నాయి. ఎవరో జాయింట్ అందించారు. గంజాయి మెత్తగా కిందికి దించుతుందని అందరూ చెప్పుకునే మాటే, నేనూ నమ్మాను.

గుండె దడదడలాడింది. లోపల నవ్వులు వినిపిస్తుంటే నన్ను చూసే నవ్వుతున్నారనుకున్నాను. గేటు దగ్గర నీడ కదిలితే పోలీసులే. నా చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. రెండు గంటల నుంచి ఇలాగే ఉన్నానని, ఇక ఎప్పటికీ ఇంతేనని ఏడుపొచ్చింది. మావాడు ఫోన్ చూపించాడు. "తొమ్మిది నిమిషాలైందిరా, కూర్చో."

తర్వాత హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్ట్ దగ్గర విషయం దాచకుండా చెప్పాను. తిట్టలేదాయన. ఎండీఎంఏ మెదడులో సెరటోనిన్‌ని ఒక్కసారిగా కుమ్మరించేస్తుంది. గంజాయిలోని టీహెచ్‌సీ, కొత్త జ్ఞాపకాలు రాసుకునే హిప్పోకాంపస్ పనికి అడ్డుపడుతుంది. అందుకే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు పోతుంది. రెండూ గుండె వేగం పెంచేవే. "గుండె కొట్టుకుంటుంటే మనసు కారణం వెతుకుతుంది బాబూ. దొరక్కపోతే కల్పిస్తుంది" అన్నారు. గేటు దగ్గరి నీడ నాకు అప్పుడు అర్థమైంది.

అయినా నన్ను నిజంగా భయపెట్టింది ఆ రాత్రి కాదు, ఆ తర్వాత వచ్చిన మంగళవారం. గచ్చిబౌలి ఆఫీసులో మధ్యాహ్నం స్క్రీన్ ముందు కూర్చుంటే, కారణం లేకుండా దుఃఖం తన్నుకొచ్చింది. నిద్ర లేదు, రోజూ వాడే పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. పక్కవాడు నాతో ముభావంగా ఉన్నాడనిపించింది. నేనెవరికీ అక్కర్లేదు అనుకుని రాజీనామా టైప్ చేశాను. శనివారం తమ్ముడన్నదీ, మంగళవారం శత్రువనుకున్నదీ ఒక్క మనిషినే. రెండుసార్లూ నాకు రవ్వంత అనుమానం కలగలేదు. ఆ రెండిట్లో ఏదీ పూర్తిగా నాది కాదని ఒప్పుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది. మంగళవారందాన్ని వదులుకోవడం తేలికే, శనివారందాన్ని వదలబుద్ధి కాలేదు.

రాజీనామా పంపలేదు. పక్కవాడితో ఇప్పుడు రోజూ టీకి వెళ్తున్నా, తమ్ముడూ గిమ్ముడూ ఏం లేదు. ఒక్కోసారి వాడే అడుగుతాడు: "ఇంతకీ ఆ బావిలో ఏమైందిరా?"

ఆ ఊరు గుర్తుంది, గిలక చప్పుడూ గుర్తుంది. ఆ రాత్రి ఏం చెప్పబోయానో మాత్రం ఇప్పటికీ గుర్తు రాలేదు.