బిళ్లగన్నేరాకులు

నాకు మధుమేహమున్నదని తెలిసిన మఱునాటినుండి మా యమ్మ ప్రాతఃకాలముననే పెరటిలోని బిళ్లగన్నేరాకులు ఏడు కోసి, కడిగి, నా చేతబెట్టి, నమలి మ్రింగువఱకు ఎదుట నిలుచుచుండెడిది. వైద్యుడిచ్చిన మాత్రలను నేను విడువలేదు. రెండు మాసములకు రక్తములోని చక్కెర తగ్గెను.

“చూశావా నాయనా, ఆకు మహిమ!” అని మురిసినది.

మాత్రలవలన కావచ్చునంటిని. “ఊళ్లో అందరూ మింగేది ఆ మాత్రలే కదా, వాళ్లకెందుకు తగ్గలేదూ?” అనినది. నాయొద్ద సమాధానము లేకపోయెను. రెంటిని కలిపి మ్రింగినవాడు దేనివలన గుణము కలిగెనో యెట్లు చెప్పగలడు? ప్రయోగశాలలో ఎలుకలను రెండు తెగలు చేసి, ఒక తెగకు మందును, రెండవదానికి వట్టి నీటిని ఇచ్చుట యీ చిక్కు విడదీయుటకే.

ఈ యాకు చరిత్ర విచిత్రమైనది. 1921లో టొరాంటోలో బాంటింగు పండితుడు కుక్కలపై పరీక్షలకు పూనుకొన్నప్పుడు, సహాయులుగా ఏర్పడిన బెస్టు, క్లార్కు నోబెల్ అను విద్యార్థులిద్దఱును ముందెవ్వరు పనిచేయవలెనని నాణెము నెగురవేసిరి. బెస్టు గెలిచెను, ఇన్సులిను కీర్తిలో భాగమును ఆతనికే దక్కెను. ఓడిన నోబెల్ వైద్యుడయ్యెను. 1952లో జమైకానుండి తనకు వచ్చిన బిళ్లగన్నేరాకులను ఆయన తమ్ముడు రాబర్టునకు పంపెను. ఆ దీవిలో వాని కషాయమును మధుమేహమునకు త్రాగుదురట. కెనడాలోనే లండను అను నగరమున రాబర్టు దానిని ఎలుకలకు త్రాగించి చూచెను. చక్కెర కదలలేదు. సూదితో నెక్కించి చూచెను. చక్కెర మాట యట్లుండనిండు, ఎలుకలే కొలదిదినములలో అంటురోగముల వాతబడి చచ్చినవి. రక్తము పరీక్షింపగా తెల్లకణములు క్షీణించియున్నవి. మఱియొకడైనచో ఆకులను పారవైచి యుండును. ఆయనయు బీరు అను రసాయనవేత్తయు కలిసి, 1958 నాటికి వానినుండి విన్‌బ్లాస్టిను తీసిరి. అది హాడ్జ్‌కిన్ వ్యాధి యను క్యాన్సరునకు మందైనది.

ఇది చదివి నేను నిజముగా భయపడితిని. అమ్మకు చెప్పితిని. “వాటికి సూది పొడిచారు. నువ్వు నమిలావు,” అనినది. తర్కమున ఆమెను గెలుచుట కష్టము. 2003లో విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వవిద్యాలయమువారు పచ్చియాకురసము పోసిన కుందేళ్లలో చక్కెర తగ్గినదని ప్రకటించిన సంగతియు దాచక చెప్పితిని. కాని ఆ మధుమేహపు కుందేళ్లకు వ్యాధి అల్లొక్సాను అను విషముతో కల్పించినది. ఇన్సులిను పుట్టించు కణములనే అది చంపును. నా వ్యాధి యట్టిది కాదు. కుందేటికి తగ్గినంతమాత్రమున మనుష్యుడు ఏండ్లతరబడి తినవచ్చుననియు కాదు.

ఒక మాసము ఆకు మాని చూతమంటిని. “మాత్రలు మాని ఆకే తినరాదూ?” అనినది. అది ఎలుకలకు చేయదగిన పరీక్ష యంటిని. మా మేనమామ సూది మాని ఆకులనే నమ్మి కాలు పోగొట్టుకొనెను. తమ్ముని ప్రసంగము ఆమె యెదుట ఎత్తలేకపోతిని. ఆమెకే జ్ఞప్తికి వచ్చెనేమో, సరేయనినది.

మాసాంతమున చక్కెర మునుపటివలెనే యున్నది. ఆ కాగితమును ఆమె చాలసేపు పట్టుకొని కూర్చుండెను. మఱునాడు పెరటిలోనికి పోయి, ఆకులు ముట్టక, దేవునికి పువ్వులు మాత్రము కోసికొని వచ్చినది.